చిన్న ఈగను చిన్నచూపు చూడరాదు

ఆత్మకూరు, ఉదయగిరి ప్రాంతపు పల్లెలలో ఇంటిని ఆనుకొని పశువుల కొట్టం ఉండుట పరిపాటి. సాయంకాలం అక్కడ ముసిరే చిరుకీటకాలను “ఏవో ఈగలు” అని మనం తోసిపుచ్చుతాము. సుశ్రుతాచార్యుడు మాత్రం అట్లు తోసిపుచ్చలేదు. సుశ్రుతసంహిత కల్పస్థానంలో ఈగలను ఆరు విధాలుగా విభజించి, వాటిలో స్థాలిక, కాషాయి అనునవి ప్రాణహరములని హెచ్చరించాడు. ఆ విచక్షణ నేటి గృహిణికీ అవసరమే.

మగ్గిన అరటిపండ్లపై వాలే ఎర్రని కన్నుల ఈగ పండు ఈగ. అది కుట్టదు. స్నానాలగది గోడపై కదలక కూర్చునే నూగు ఈగ తన వెడల్పాటి రెక్కలను ఇంటికప్పు వలె వాల్చి ఉంచుతుంది. అదీ కుట్టదు; తూములోని పాచిని శుభ్రపరచిన తొలగిపోతుంది. కన్నులచుట్టూ ముసిరే నల్లని నుసుములు కుట్టవు గాని కండ్లకలకను వ్యాపింపజేస్తాయి.

నాలుగవది ఇసుక ఈగ. పొడవు 2, 3 మిల్లీమీటర్లే; దోమలో మూడవ వంతు. లేతగోధుమ రంగు, ఒంటినిండా నూగు, నల్లని కన్నులు. కూర్చున్నపుడు రెక్కలను పైకెత్తి విడదీసి ఉంచుట దీని ముఖ్యలక్షణం. తరిమితే దూరం పోక, గోడపైనే గెంతులు వేస్తుంది.

చాందీపుర వైరస్‌ను వ్యాపింపజేసేది ఈ ఈగయే. ఆ వైరస్‌ను తొలుత 1965లో మహారాష్ట్రలో కనుగొన్నారు. 2003లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో మెదడువాపు సోకిన 329 మంది పిల్లలలో 183 మంది మరణించారు.

ఇసుక ఈగ నీటిలో పెరగదు. తేమగల మట్టిలో, పేడలో, గోడబీటలలో పెరుగుతుంది. కనుక బీటలను సున్నంతో పూడ్చవలెను. పేడకుప్పను ఇంటికి దూరంగా ఉంచవలెను. మామూలు దోమతెర కన్నులగుండా ఇది దూరగలదు. మరింత సన్నని అల్లికగల తెర కట్టి, పిల్లలను నేలపై గాక మంచంపై పరుండబెట్టవలెను. 100 మిల్లీలీటర్ల కొబ్బరినూనెలో 2 మిల్లీలీటర్ల వేపనూనె కలిపి పెద్దలు, ఎదిగిన పిల్లలు కాళ్లకు, చేతులకు పూసుకొనవచ్చును. పసిబిడ్డలకు వేపనూనె త్రాగించుట మాత్రం ప్రాణాపాయకరం.

బిడ్డకు తీవ్రజ్వరంతో వాంతులు, మూర్ఛ, మగత కనిపించినచో గృహవైద్యంతో కాలయాపన చేయక, తక్షణం ఆసుపత్రికి తీసుకొనిపోవలెను. ఈ వ్యాధికి ప్రత్యేక ఔషధం గాని, టీకా గాని లేవు. ఒకటి రెండు దినాలలోనే ప్రాణం మీదికి రావచ్చును. ఈగను గుర్తించుట ఇంటివారి పని. జ్వరాన్ని చూచుట వైద్యుని పని.