దుమ్ము పీల్చిన యంత్రములు

తపాలా బిళ్ళలు కూడబెట్టువారిని మనము ఎరుగుదుము. పాత నాణెములకై ఊరూర వెదకువారిని ఎరుగుదుము. ఇల్లు ఊడ్చు పనిముట్లను సేకరించువారు కూడ కలరన్నచో పలువురకు నవ్వు వచ్చును. కాని అమెరికాలోను, ఇంగ్లండులోను పాత వాక్యూమ్ క్లీనర్లను, అందును ఒక మనిషి గదినుండి గదికి కొనిపోగల చిన్న యంత్రములను, శ్రద్ధతో సేకరించు ఔత్సాహికులు ఉన్నారు. నాణెములు రాజుల కథ చెప్పును. ఇవి చీపురు పట్టినవారి కథ చెప్పును.

ఈ యంత్రము మొదట చేతికి అందునది కాదు. 1901లో లండనులో హ్యూబర్ట్ సెసిల్ బూత్ అను ఇంజనీరు నిర్మించిన దానిని గుఱ్ఱములు లాగవలసి వచ్చెను. బండిని వీధిలో నిలిపి, పొడవైన గొట్టములను కిటికీల గుండ లోనికి పంపి దుమ్మును పీల్చెడివారు. అది ధనికుల వేడుక.

దానిని సామాన్యుని గదిలోనికి తెచ్చుటకు తోడ్పడినవాడు ఒక ఊడ్పుపనివాడు. ఒహాయో రాష్ట్రమునందలి కాంటన్ పట్టణమున ఒక పెద్ద అంగడిలో జేమ్స్ మరే స్పాంగ్లర్ పని చేయుచుండెను. అతనికి ఉబ్బసము. తివాచీ ఊడ్చినప్పుడెల్ల లేచిన ధూళి అతనికి ఊపిరాడనిచ్చెడిది కాదు. పొట్ట పోసికొనుటకు చేయు పనియే ఊపిరి తీయుచుండగా, అతడు పంకా మోటారును, చీపురు కఱ్ఱను, దిండు గలీబును కూర్చి ఒక సాధనము చేసికొనెను. 1908 జూన్ 2న దానికి పేటెంటు లభించెను. ఆ ఏడే తోలు వస్తువుల వ్యాపారి విలియం హూవర్ దాని హక్కులు కొని తయారీ ప్రారంభించెను. స్పాంగ్లర్ 1915లో మరణించెను. ఇంగ్లండులో 'హూవర్' అను మాట ఇల్లు శుభ్రపరచుటకే పర్యాయపదమయ్యెను. స్పాంగ్లర్ పేరు ఎరిగినవారు అరుదు.

ఇట్టి యంత్రమొకటి పాతసామానుల అంగడిలో కనబడినచో దాని వయస్సు ఎట్లు తెలియును? చేతితో నడుచునది కనుక విద్యుత్తుతో నడుచు దానికంటె పాతదని తలచుట మొదటి పొరపాటు. తిత్తులతో గాలి లాగు 'బేబీ డెయిజీ' వంటివి, విద్యుత్తు చేరని ఇండ్లకొఱకు, విద్యుద్యంత్రములు పుట్టిన కాలముననే అమ్ముడుపోయినవి. ఒకరు తిత్తిని ఆడించుచుండగా మరియొకరు గొట్టము పట్టవలెను.

తరువాత పేరు పలకను చూడవలెను. అమెరికాలో పది లక్షలవ పేటెంటు 1911లోను, ఇరువది లక్షలవది 1935లోను వెలువడినవి. పలకపై పదునెనిమిది లక్షల సంఖ్య ఉన్నచో, ఆ యంత్రము 1911కు పూర్వపుది కానేరదు. అయితే ఆ సంఖ్య యంత్రము పుట్టిన ఏడును చెప్పదు. అంతకు ముందుది కాదని మాత్రమే చెప్పును. ఈ భేదము మరచినవారు తరచు మోసపోవుదురు.

లోహమును గుర్తించుటకు చిన్న అయస్కాంతము చాలును. ఇనుమునకు అది అంటుకొనును, అల్యూమినియమునకు అంటుకొనదు. బేకలైటు 1907లో కనుగొనబడినది కనుక, ఆ భాగమున్న యంత్రము అంతకు పిమ్మటిదే. నేలపై జారు పట్టీలు గల గొట్టపు ఆకారము ఎలక్ట్రోలక్స్ వారు 1921లో తెచ్చిన పద్ధతి. తీగ చివర దీపపు హోల్డరులో బిగించు ప్లగ్గు ఉన్నచో, ఇంట దీపమునకు తప్ప వేరు విద్యుత్ సదుపాయము లేని దినములను అది జ్ఞప్తికి తెచ్చును.

ఇంతవరకు కన్నుల పని. ఇక చేతులను అదుపులో ఉంచుకొనుట కష్టతరము. దొరికిన దానిని వెంటనే మీట నొక్కి చూడవలెనని మనసు పుట్టును. అది ప్రమాదము, తీగపై రబ్బరు పెళుసెక్కి ఊడిపోయి ఉండవచ్చును. మెరుగు పెట్టి క్రొత్తదానివలె చేయుట మరియొక చాపల్యము. పిడిపై అరిగిన చోటు, అతుకు వేసిన సంచి, పలకపై గీతలు, ఇవి ఏండ్ల తరబడి దానిని త్రోసిన చేతి సాక్ష్యములు. మెరుగు పెట్టుటకు ఒక పూట చాలును. చెరిపిన సాక్ష్యమును తిరిగి తెచ్చుట ఎవరి తరము? సంచి మార్చినచో మార్చితినని పుస్తకమున వ్రాసి ఉంచుటయే నిజమైన సేకర్త ధర్మము.

ఈ పరీక్ష నేర్చుటకు వాక్యూమ్ క్లీనరే ఉండనక్కరలేదు. అటకమీది పాత కుట్టుమిషను, మూలపడిన రేడియో చాలును. పలక ఏమనుచున్నది, పదార్థమేమి, ఎచ్చట అరిగినది అని ఉపాధ్యాయుడు మూడు ప్రశ్నలు వేసి, విద్యార్థులచేత జవాబులు వ్రాయించవచ్చును. నాలుగవ ప్రశ్నను వారే అడుగుదురు: దీనితో పని చేసినది ఎవరు?