సొర, తెప్ప, కరెంటు మిషను: అపోహలు – వాస్తవాలు

కాయక్ మీద కూర్చుని గేలం వేయడం మనకు కొత్త సరదా. తెప్ప మీద కూర్చుని గేలం వేయడం మాత్రం తాతల నాటి పని. విశాఖ రుషికొండలో అద్దెకు దొరికే కాయక్‌లు ఎక్కొచ్చిన కుర్రాళ్ళు ఇప్పుడు ఫోన్లో ఆస్ట్రేలియా వీడియోలు చూస్తున్నారు. ఆ వీడియోల్లో కాయక్ వెనక నీళ్ళలో ఒక తోక వేలాడుతుంటుంది. సొరను తరిమే కరెంటు మిషను అది. ‘‘దాన్ని కట్టుకుంటే సొర దరికే రాదట కదేటి బావా?’’ అన్న ప్రశ్న అక్కడినుంచే పుట్టింది. అడగవలసిన ప్రశ్నే. తెప్ప మీదున్నా కాయక్ మీదున్నా మనిషి నీటికి జానెడు ఎత్తులోనే కూర్చుంటాడు, పక్కన ఎర, ఒళ్ళో చేప. కానీ ఆ ప్రశ్న చుట్టూ చేరిన మాటల్లో నిజం పాలు తక్కువ.

అపోహ: ఇవన్నీ బూటకం. చేపకు కరెంటేం తెలుస్తుంది?

బూటకం కాదు. రేవులో పాల సొర దొరికితే దాని ముట్టె కింది భాగం దగ్గరగా చూడండి. సూదితో పొడిచినట్టు సన్నటి చుక్కలు వరసలు వరసలుగా కనిపిస్తాయి. వేలితో గట్టిగా నొక్కితే వాటిలోంచి నీటి రంగు జిగురు పైకి ఊరుతుంది. 1678లో ఇటలీకి చెందిన స్తెఫానో లోరెంజినీ ఈ రంధ్రాలను వర్ణించాడు గానీ, అవి ఎందుకున్నాయో ఆయనకు అంతుపట్టలేదు. 1971లో కాల్మైన్ అనే శాస్త్రవేత్త తేల్చాడు: ఇసుకలో పూడుకుపోయి కదలకుండా ఉన్న చేపను కూడా సొర దాని ఒంట్లోంచి వచ్చే అతి సన్నని విద్యుత్తును పట్టి వెతుక్కోగలదు. వాసన లేకపోయినా, కంటికి కనబడకపోయినా సరే. సొరలకూ టేకు చేపలకూ ఈ ఇంద్రియం ఉంది. వంజరానికీ చందువకూ లేదు.

మిషను పని ఈ ఇంద్రియం మీదే. నీళ్ళలో ఉన్న రెండు ఎలక్ట్రోడ్ల మధ్య సెకనుకు ఒకటి రెండుసార్లు కరెంటు కొట్టుకుంటూ ఉంటుంది. చీకట్లో నడిచేవాడి కళ్ళలోకి టార్చి వేసినట్టు, దగ్గరికొచ్చిన సొర ముట్టె తట్టుకోలేక వెనక్కి తిరుగుతుంది. దక్షిణాఫ్రికాలోని నటాల్ షార్క్స్ బోర్డు 1990లలో ఈ పద్ధతికి రూపమిచ్చింది. ఇప్పుడు ఓషన్ గార్డియన్ పేరుతో అమ్ముతున్న ఆస్ట్రేలియా సరుకుకు మూలం అదే.

అపోహ: ఏ మిషనైనా ఒకటే, చవకదే కొనుక్కుంటే పోలా?

జేబుకు చిల్లు పడేది ఇక్కడే. బజార్లో కరెంటువి ఉన్నాయి, చేతికి కట్టుకునే అయస్కాంతం పట్టీలు ఉన్నాయి, సొరకు గిట్టని వాసనంటూ అమ్మే మైనాలూ ఉన్నాయి. దక్షిణ ఆస్ట్రేలియాలోని నెప్ట్యూన్ దీవుల దగ్గర ఫ్లిండర్స్ విశ్వవిద్యాలయం వాళ్ళు అయిదు రకాల సరుకును సర్ఫ్ బోర్డు లాంటి దానికి కట్టి, ఎర వేలాడదీసి, గ్రేట్ వైట్ సొరల ముందు పెట్టారు. 2018లో ఫలితాలు అచ్చయ్యాయి. మిషనేమీ లేనప్పుడు నూటికి 96 సార్లు సొర ఎరను అందుకుంది. ఓషన్ గార్డియన్ వాళ్ళ సర్ఫ్ మిషను ఉన్నప్పుడు అది 40కి దిగింది. మిగిలిన నాలుగూ కొలవదగ్గ తేడా చూపలేదు. ఆ నాలుగింట్లో ఒకటి కరెంటుదే!

అయస్కాంతం ఎందుకు తేలిపోయిందో చెప్పడం కష్టం కాదు. దూరం రెట్టింపయితే దాని బలం ఎనిమిదో వంతుకు పడిపోతుంది. ముంజేతి పట్టీలోని అయస్కాంతం సొరకు తెలియాలంటే సొర ముట్టె దాదాపు ముంజేతిని తాకాలి. అప్పుడు తెలిసి ఏం లాభం?

నూటికి 40 అన్న అంకెను కూడా ఒకసారి తిప్పి చదవండి. మంచి మిషను ఉన్నా అయిదింట రెండుసార్లు సొర ఎరను అందుకుంది.

అపోహ: స్విచ్చి వేస్తే సొర కనుచూపు మేరలోకి రాదు.

వస్తుంది. చుట్టూ తిరుగుతుంది కూడా. ఈ మిషన్ల సత్తువ కనుచూపు మేరలో కాదు, బారల్లో కొలవాలి. దక్షిణాఫ్రికాలోని మోసెల్ బేలో ఓషన్ గార్డియన్ వాళ్ళ పాత షార్క్ షీల్డ్ మిషనుతో 41 గ్రేట్ వైట్ సొరల మీద పరీక్ష చేసి 2016లో ప్రకటించారు. మొదటిసారి వచ్చినప్పుడు సొరలు సగటున 1.3 మీటర్ల దూరంలో ఆగాయి. అంటే బారెడు కూడా కాదు. తర్వాత వచ్చిన ప్రతిసారీ సగటున 12 సెంటీమీటర్లు మరింత దగ్గరికొచ్చాయి, అలవాటు పడ్డాయన్నమాట. అయినా మిషను నడుస్తుండగా ఎరను తాకింది ఆ 41లో ఒక్కటే. చెడ్డ ఫలితం కాదు. ‘‘దరికే రాదు’’ అన్న మాటకూ ‘‘వచ్చినా కరవడానికి వెనకాడుతుంది’’ అన్న మాటకూ మధ్యనున్న తేడా మాత్రం, కాళ్ళు నీళ్ళలో వేలాడేసి కూర్చునేవాడికి చాలా పెద్దది.

ఇంకో తిరకాసుంది. పైన చెప్పిన పరీక్షలన్నీ గ్రేట్ వైట్ మీద చేసినవి. అది చల్లటి సముద్రాల సొర, మన రేవుల్లో దిగే రకం కాదు. మన వైపు నీళ్ళకు దగ్గర చుట్టం బుల్ షార్క్. దాని మీద న్యూ కలెడోనియాలో పరీక్షించి 2020లో ప్రకటించారు. అక్కడ కూడా ముందు నిలిచింది అదే సర్ఫ్ మిషను, కానీ ఎర మీద కాట్లను అది తగ్గించింది నూటికి 42 వంతులే. ఒక జాతిని బెదరగొట్టింది ఇంకో జాతిని అంతే బెదరగొడుతుందని అనుకోనక్కర్లేదు.

అపోహ: గేలానికి పడ్డ చేపను సొర కొరక్కుండా మిషను కాపాడుతుంది.

గేలం వేసేవాళ్ళకు అసలు కడుపుమంట ఇదే. పది నిమిషాలు లాగిలాగి చేతులు కోసుకుపోయాక పైకి తలకాయ ఒక్కటే వస్తుంది. మొప్పల వెనక అర్ధచంద్రాకారంలో నున్నగా తెగిన కోత, పక్కన ఒకటి రెండు పళ్ళ గీతలు. సూర చేపల వెంట లోతుకు పోయేవాళ్ళు దీన్ని వింతగా కూడా చూడరు, లెక్కలో తీసేస్తారు.

ఇప్పుడు మిషను ఎక్కడుంది? కాయక్ కింద. చేప ఎక్కడుంది? ఇరవై బారల కింద, గింజుకుంటూ. మిషను సత్తువ మీటరూ రెండు మీటర్లూ అనుకున్నాం కదా. మనిషికి ఆ రక్షణ ఎంతో కొంత అందుతుంది, చేపకు అందదు. ఆఖరి రెండు బారల్లో, చేప పడవ పక్కకు వచ్చేసరికి పనికొస్తే రావచ్చు. అప్పటికే సొర వెంటబడి, ఇంకో సొరతో పోటీ పడుతూ ఉంటే ఆ ఆశ కూడా తక్కువే. గేలానికే కట్టే చిన్న మిషన్లు, అయస్కాంతాలు వేరే ఉన్నాయి. వాటి సంగతి వేరు, అమ్మేవాడి వీడియో చూసి నమ్మకండి.

దీనికి మన తెప్పల వాళ్ళ దగ్గరున్న వైద్యం పాతదే, చవకైనదే. ఒకచోట సొర తలకాయలు మిగల్చడం మొదలుపెడితే అక్కడినుంచి లేచిపోతారు. తాడు మందంది వాడి చేపను ఆడించకుండా త్వరగా పైకి లాగుతారు. కాయక్ కుర్రాళ్ళు పట్టిన చేపల్ని సంచిలో వేసి నీళ్ళలో వేలాడదీసుకోవడం చూస్తుంటాం, తాజాగా ఉంటాయని. సొరకు అంతకంటే మంచి పిలుపు లేదు. చిన్న ఐసు పెట్టె పడవలో పెట్టుకోండి, చేప పేగులు ఒడ్డుకొచ్చాక తీయండి.

‘‘ఒక్క రక్తపు చుక్కను సొర మైళ్ళ దూరం నుంచి పసిగడుతుంది’’ అన్నది ఈ సందర్భంలోనే వినిపించే మాట. 2010లో ఫ్లోరిడా పరిశోధకులు కొలిచి చూస్తే సొర ముక్కు మామూలు చేపల ముక్కు కంటే గొప్పదేమీ కాదని తేలింది. వాసన నీటి వాలుతో పోవాలి, అందుకు సమయం పడుతుంది. డాల్ఫిన్లు కనబడితే సొరలుండవన్నదీ అంతే, రెండూ ఒకే కవళ్ళ గుంపు వెంట తిరగడం మామూలే.

అపోహ: ఆ కరెంటుకు చేపలన్నీ పారిపోతాయి. పైగా దూరంగా ఉన్న సొరల్ని పిలిచినట్టవుతుంది.

రెండూ కాదు. ఆ జిగురు రంధ్రాలు లేని చేపకు ఆ కాస్త కరెంటు పట్టదు. సొరల్ని పిలుస్తుందన్న అనుమానం మోసెల్ బే పరీక్షలో కూడా చూశారు, అలాంటిదేమీ కనబడలేదు. దూరాన ఆ కరెంటు ఉండనే ఉండదు, పిలిచేదేమిటి?

అపోహ: ఏటి మొగలో సొర ఉండదు.

వంశధార కళింగపట్నం దగ్గర, నాగావళి కళ్ళేపల్లి దగ్గర, చంపావతి కోనాడ దగ్గర సముద్రంలో కలుస్తాయి. నీరు నిలకడగా ఉంటుందని కాయక్ వేసేవాళ్ళ కళ్ళు ముందు పడేది ఈ మొగల మీదే. బుల్ షార్క్ మంచినీటిలోకి కూడా ఎక్కగలిగిన సొర, మొగ దానికి అడ్డు కాదు. ఇటు మిషనుకేమో ఉప్పునీరు కావాలి. వరద నీరు దిగే నెలల్లో మొగ దగ్గర ఉప్పు పలచబడుతుంది, నీటిలో కరెంటు నడిచే తీరు మారుతుంది. పెట్టె మీద రాసిన దూరాలు ఆ నీటికి రాసినవి కావు. అలాగని మొగలో సొర పొంచి ఉందని భయపడమనడం లేదు. మొగలో మనిషిని ముంచేది అటూ ఇటూ మారే ఇసుక దిబ్బలూ, ఆటు సమయంలో బయటికి లాగే నీరూ.

అపోహ: పెద్ద సొర అంటే మనిషిని తినేదే.

‘తండేల్’ సినిమా చూసినవాళ్ళకు వెరావల్ పేరు తెలుసు. శ్రీకాకుళం, విజయనగరం తీరాల నుంచి వేలమంది పనికి వెళ్ళే గుజరాత్ రేవు అది. ఒకప్పుడు అక్కడ వేటాడినది చేపలన్నింటిలోకీ పెద్దదైన వేల్ షార్క్‌ను. ఒళ్ళంతా తెల్ల చుక్కలుండే ఆ సొర తినేది నీటిలో తేలే సన్నటి పురుగూ గుడ్డూ, చిన్న చేపలూ. 2001 మేలో దాన్ని వన్యప్రాణి చట్టం మొదటి షెడ్యూల్లో చేర్చారు. చట్టం కంటే ఎక్కువ పని చేసింది 2004లో మొదలైన ప్రచారం. పురుడుకు పుట్టింటికొచ్చిన ఆడపిల్లను చంపుకుంటామా అని రామకథలు చెప్పే మొరారి బాపు అడిగారు. వలలో పడితే వల కోసి వదిలేయడం, కోసిన వలకు ప్రభుత్వం సొమ్మివ్వడం అక్కడ అలవాటైంది. ఆ పడవల మీద పనిచేసి వచ్చిన మనవాళ్ళకు ఇది కొత్త సంగతి కాదు. 2021 డిసెంబరులో విశాఖ దగ్గర తంతడి ఒడ్డుకు ఒక వేల్ షార్క్ కొట్టుకొస్తే అటవీ శాఖా మత్స్యకారులూ కలిసి తిరిగి నీళ్ళలోకి పంపారు.

కరిచే సొరల లెక్క కూడా చూద్దాం. ఫ్లోరిడా మ్యూజియం వాళ్ళు ప్రపంచమంతటి సొర కాట్లూ నమోదు చేస్తారు. మనిషి కవ్వించకుండా సొర కరిచిన సంఘటనలు 2024లో 47. ప్రపంచం మొత్తానికి. మన వైపు సొర కాటంటే సాధారణంగా వల విడదీసేటప్పుడో, పడవలోకి లాగాకో తగిలేది. దాన్ని మ్యూజియం వాళ్ళు కవ్వించిన కాటు కింద వేరే రాస్తారు. ఇక సొరల వైపు లెక్క: 1970 తర్వాత బయటి సముద్రాల్లో సొరలూ టేకులూ నూటికి 71 వంతులు తగ్గాయని 2021లో తేల్చారు.

అపోహ: కడలి మీద మొదటి భయం సొరే, దానికి మిషను ఉంటే చాలు.

2022 ఫిబ్రవరిలో పరవాడ మండలం ముత్యాలమ్మపాలెం నుంచి లోతుకు వెళ్ళిన పడవలోని ఒక యువకుడు చనిపోయాడు. చంపింది సొర కాదు, కొమ్ముకోనాం. చిక్కిన చేప ముక్కుతో పొడిచింది. కొమ్ముకోనానికి ఆ జిగురు రంధ్రాలు లేవు, లక్ష రూపాయల మిషనైనా దానికి తెలియదు. వలలో పడే సముద్రపు పాముకూ, టేకు తోక ముల్లుకూ కూడా అంతే. టేకుకు కరెంటు తెలుస్తుంది గానీ కాలి కింద పడ్డాక అది ముల్లు విసరక మానదు.

ఒడ్డు దగ్గర విరిగే కెరటాల్లో బోల్తా పడి పోయిన ప్రాణాల ముందు ఇవన్నీ చిన్నవే. కాయక్ తేలిక, వెడల్పు తక్కువ. తెప్ప వాడు పుట్టినప్పటినుంచి చూసిన కెరటాన్ని కాయక్ వాడు మొన్న చూశాడు. మధ్యాహ్నం గాలి తిరిగితే బయటికి నెట్టుకుపోవడం ఎంతసేపు? మిషను ఖరీదు మన రూపాయల్లో పదుల వేలుంటుంది. అందులో పదో వంతు పెడితే మంచి లైఫ్ జాకెట్ వస్తుంది, నడుముకు కట్టుకునే ఈల వస్తుంది. హైదరాబాదులోని ఇన్‌కాయిస్ వాళ్ళు రోజూ ఇచ్చే కెరటాల, గాలుల సూచన ఉచితం. ఆపదలో కోస్ట్ గార్డుకు 1554 నంబరు, దానికీ డబ్బు లేదు. సిగ్నల్ అందనంత దూరం పోయే పడవలకు ఇస్రో తయారుచేసిన ఆపద సంకేత యంత్రం ఉంది, దాని కొత్త రకం 2024 జనవరిలో వచ్చింది.

ఇవన్నీ ఉన్నాక కూడా మిషను కొనాలనిపిస్తే కొనండి, తప్పు లేదు. స్వతంత్రంగా పరీక్షించిన రకమే చూడండి. రెండు ఎలక్ట్రోడ్లూ నీళ్ళలో మునిగి ఉంటేనే అది పని చేస్తుంది, తోకను పడవ మీదికి లాగేస్తే అది ఉట్టి తాడు. ఎలక్ట్రోడ్ల మధ్య చెయ్యి పెడితే కండ పట్టుకుని గుంజుతుంది. గుండెలో పేస్‌మేకర్ ఉన్నవాళ్ళు దాని జోలికి పోకూడదు. బ్యాటరీ వచ్చేది కొన్ని గంటలే, తెల్లవారుజామున వేసి మధ్యాహ్నం దాకా నడుస్తుందనుకోకండి. ఒడ్డుకొచ్చాక మంచినీళ్ళతో కడిగి ఆరబెట్టండి.