తాబేటికి మేము కట్టిన కొండ

తాబేలనగానే మందరగిరిని వీపున మోసిన కూర్మావతారము మనకు తలపునకు వచ్చును. కమఠమనియు కచ్ఛపమనియు చిన్ననాడు అమరకోశము వల్లించితిని గాని, ఆ ప్రాణి నీటినుండి వెలికివచ్చి వీపు ఎండబెట్టుకొననిదే ఆరోగ్యముగా బ్రతుకజాలదని మొన్నమొన్నటి వఱకు నే నెఱుగను. కొండను మోసినదని చదివినదానికి మేమే యొక కొండ కట్టి యీయవలసివచ్చినది.

రెండేండ్ల క్రిందట మా చిన్నవాడు విశాఖపట్టణమున నొక దుకాణమునుండి రూపాయి బిళ్లకంటె కొంచెము పెద్దదగు పచ్చని తాబేటిపిల్లను కొనిపించుకొని మాడుగులకు తెచ్చెను. దాని కన్నుల వెనుక ఎఱ్ఱని చారలు. ఇంతకంటె పెరుగదనియు, గాజుగిన్నె చాలుననియు, ఎండురొయ్యలు వేసిన సరిపోవుననియు అమ్మినవాడు చెప్పెను. ఆ మూడు మాటలును అబద్ధములే. ఇది అమెరికాలోని మిసిసిపీ నదీప్రాంతపు జాతి. ఆడుది ఇంచుమించు అడుగు పొడవు ఎదుగును, ముప్పదియేండ్లు బ్రతుకగలదు. మూడు నెలలు గడచుసరికి మా పిల్లదాని చిప్ప వ్రేలితో నొక్కిన సొట్టపడునంత మెత్తనై, కన్నులు వాచి మూసికొనిపోయెను. పశువైద్యుడు చూచి, ఎండయు సరియైన తిండియు లేకపోవుటయే కారణమనిరి. కిటికీ దగ్గఱనే పెట్టితిమి గదా యంటిని. ఎముకను గట్టిపఱచు కిరణములను కిటికీ అద్దము ఆపివేయునట!

“కోనేట్లో వదిలీయే అమ్మా, నీకూ దానికీ కూడా పుణ్యం” అనిరి మా అత్తగారు. నిజము చెప్పవలెనన్న నా మనసును అటే మొగ్గెను. మావారు అడ్డుపడిరి. ఈ జాతి మన చెఱువులలో పడినచో దేశవాళీ తాబేళ్ల తిండిని, అవి ఎండకాగు చోటులను ఆక్రమించుకొనును; ఒకరి పుణ్యము మఱియొకరికి మృత్యువగును. మఱి దీనికి బదులు మన నక్షత్ర తాబేటిని పెంచరాదా యని అడుగు సోదరీమణులు కలరు. 1972వ సంవత్సరపు వన్యప్రాణి సంరక్షణ చట్టము ప్రకారము దానిని ఇంట నుంచుకొనుట నేరము. శ్రీకూర్మము దేవాలయమున అవి యున్నవి గదా యని ఇంటికి తేరాదు.

కావున ఇల్లు కట్టుటయే నిశ్చయమైనది. నాలుగడుగుల పొడవును, అడుగున్నర వెడల్పును, అడుగున్నర ఎత్తును గల గాజుతొట్టి చేయించితిమి. తొమ్మిదంగుళముల లోతు నీరు పోసిన సుమారు 127 లీటర్లు పట్టును. బల్ల బలమైనది కావలెను. నాలుగువైపుల గాజే యైనచో తాబేలు దారి యున్నదనుకొని రోజంతయు ముక్కు కొట్టుకొనును. వెనుకవైపు రాతిగోడవలె మూసి, ఆ రాతినే నీటిపైకి అరుగుగా చాచి, అరుగునకు ఏటవాలు దారి పెట్టిన దానికి ఎక్కి ఆరుటకు చోటు దొరకును. నిజపు రాళ్లు పేర్చినచో బరువునకు గాజు పగులును. అందుచే థర్మోకోలు.

పాడేరు ఘాటురోడ్డు ప్రక్కన కొండను తొలిచిన చోటికి పిల్లలను తీసికొనిపోయి రాతిని చూపితిమి. తూర్పు కనుమలలో విస్తారముగా నుండు ఆ రాతికి ఖోండలైటు అని పేరు. ఈ కొండలలోని ఖోందుల పేరిట వచ్చినది. ఎండకు వానకు పొరలు పొరలుగా విడి, ఇనుపతుప్పు రంగు తేరును. అదే మా నమూనా. రెండంగుళముల మందపు పలకలను అతికించి, కత్తితో కోసి చూచితిమి గాని అంచులు మైసూరుపాకు ముక్కలవలె నున్నవి. చేతితో విఱిచినపుడే రాయి యనిపించినది. ఆ తెల్లని పూసలు ఇల్లంతయు ఎగిరి అత్తగారి మడిచీరకు సైతము అంటుకొన్నవి. ఆ దినము మాకు భోజన మాలస్యమైనది.

తరువాత సిమెంటు. మొదటి పూత మజ్జిగవలె పలుచగా, రెండవది జల్లించిన ఇసుకతో దోసెపిండివలె, మూడవదానిలో ఎఱ్ఱ, పసుపు ఆక్సైడు పొడులు కలిపి వేసితిమి. పూతపూతకు నడుమ ఒక దినము తడిగుడ్డ కప్పవలెను. థర్మోకోలు ఎక్కడను కనబడరాదు. తాబేలు కొఱికి మ్రింగును.

ఇక నా తొందరపాటు. సిలికాను జిగురుతో గోడను తొట్టికి అతికించి, అది ఆఱకముందే నీరు పోయించితిని. అర్ధరాత్రి పెద్ద చప్పుడు. లేచి చూచితిమి గదా, మా కొండ నీటిపై తేలుచున్నది! థర్మోకోలు తేలునని తెలిసియు మఱచితిని. తాబేలు అప్పటికి పెరటి తొట్టిలో నుండుటచే బ్రతికినది. లేనిచో కొండకును గాజునకును నడుమ చిక్కి ఊపిరాడక చచ్చియుండును. మరల అతికించి, జిగురు పులుపువాసన పోవువఱకు వారము దినములాగితిమి. పిమ్మట మూడు వారములు దినము విడిచి దినము నీరు మార్చితిమి. క్రొత్త సిమెంటులోని సున్నము నీట దిగి కన్నులను చర్మమును మండించును. పరీక్షాకాగితముపై నీటి ఘాటు తగ్గినదని తేలిన తరువాతనే తాబేటిని విడిచితిమి.

అరుగుపైన వేడిదీపముంచి అచ్చట 32 మొదలు 35 డిగ్రీల వేడి యుండునట్లు చూచితిమి. దాని ప్రక్క ఎండకిరణముల ట్యూబు. మూత ఇనుపవలదే కావలెను, గాజుది పనికిరాదు. ఎండురొయ్యలు తగ్గించి అజొల్లా వేయుచున్నాము. ఆయుర్వేదపు అంగడిలో దొరకు సముద్రపునురుగు ముక్క నీట వేసిన అది కొఱుకుకొనును, సున్నము లోటు తీరును.

తల్లులు తప్పక తెలిసికొనవలసిన దొకటి. తాబేటి ఒంటిపై సాల్మొనెల్లా అను విషక్రిమి యుండవచ్చును. పిల్లలకు జబ్బుచేయుచున్నదనియే అమెరికాలో నాలుగంగుళములకు లోబడిన తాబేళ్ల అమ్మకమును 1975లో నిషేధించిరి. ముట్టిన వెంటనే సబ్బుతో చేతులు కడుగుకొనవలెను. తొట్టిసామానును వంటింటి తూములో కడుగరాదు. అయిదేండ్ల లోపు పిల్లల చేతికీయరాదు.

ఇప్పుడు మా తాబేలు అయిదంగుళములున్నది. చిప్ప గట్టిపడినది. చిన్నవానికి పదునొకండేండ్లు, వాడు చదువునకు పొరుగూరు పోయిననాడు దీని నెవరు చూతురని నే నడుగగా, మావారు నావైపే చూచిరి. ఉదయము దేవుని దీపము పెట్టి వచ్చి తాబేటి దీపము వెలిగించుట మాత్రము అత్తగారు తమ వంతు చేసికొనిరి. ట్యూబు ఏడాది కొకమారు మార్చవలెను గనుక, ఆ తేదీ పంచాంగపు వెనుక అట్టపై వ్రాసి యుంచితిని.