టరాంటులా పెంపకము - పెరుగుదలయు, ఆహారమును

సాలెపురుగు కనబడినంతనే మన చేయి చీపురుకట్టకై పోవును. పండుగకు ముందు బూజు దులుపుట మన యిండ్లలో ఆచారము. అయినను శ్రీకాళహస్తి క్షేత్రమున శివుని గొలిచి తరించిన మూడు జీవములలో మొదటిది సాలెపురుగే యని చెప్పుకొనువారమును మనమే. ఇట్టి ప్రాణిని, అందును అఱచేయంత వెడల్పై, ఒడలెల్ల రోమములు గలదానిని, పెట్టెలో నుంచి యేండ్లతరబడి పెంచువారు అమెరికాలోను, ఐరోపాలోను పెక్కండ్రు కలరు. ఆ దేశములలో కాపురముండు తెలుగు తల్లులను బిడ్డలు తమకును నొకటి కొనిపెట్టుమని యడుగుట వింత గాదు. బిడ్డ ముచ్చటపడి తెచ్చినదాని పోషణము తుదకు తల్లిమీద బడుట యెల్ల యిండ్లలోను గలదే. అందుచే నీ ప్రాణి పెరుగు విధమును, తిను విధమును సోదరీమణులకు దెలుప దలచితిమి. ముందుగా నొక మాట: ఆకలికంటె పెంచువారి తొందరపాటే దీనికి ఎక్కువ యపాయకరము.

టరాంటులా యను పేరు ఇటలీ దేశమందలి టరాంటో పట్టణమునుండి పుట్టినది. అచ్చటి పొలములందలి వేఱొక సాలెపురుగు కఱచినచో నృత్యము చేసి విషమును దింపవలయునని పూర్వ మచ్చటివారు నమ్మిరి. పిమ్మట అమెరికాఖండమున చూచిన పెద్ద సాలెపురుగులకు ఐరోపావారు ఆ పేరే తగిలించిరి. వీనిని చిత్రించి లోకమునకు జూపి పేరొందినది ఒక స్త్రీ. మరియా సిబిల్లా మేరియన్ అను నామె సురినాము దేశమున కేగి, అచ్చటి పురుగులను పరిశీలించి, 1705 సంవత్సరమున ప్రకటించిన గ్రంథమున, చిన్నపిట్టను దినుచున్న సాలెపురుగు చిత్రమును వ్రాసెను. అది కట్టుకథయని తరువాతి పండితులు కొందఱు పరిహసించిరి. 1863లో బేట్సు అను ప్రకృతిశాస్త్రజ్ఞుడు తాను బ్రెజిలులో అట్టిదానినే చూచితినని వ్రాసినపిమ్మట గాని ఆమె మాటకు విలువ కలుగలేదు. స్త్రీ కన్నులార చూచినదానికి పురుషుని సాక్ష్యము కావలసివచ్చుట క్రొత్త సంగతి కాదు గదా!

క్రొత్తగా పెంచువారికి మెక్సికో దేశపు ఎఱ్ఱమోకాళ్ళ జాతి తగినది. నల్లని యొడలు, కాళ్ళ కీళ్ళయొద్ద నారింజవన్నె పట్టెలు. నడక మెల్లన, స్వభావము సాధువు. అడవులనుండి విస్తారముగా పట్టి యమ్ముటచే నిది తఱిగిపోవ నారంభింపగా, 1985 మొదలు దీని దేశాంతర వ్యాపారము నిబంధనలకు లోబడినది. కావున పెంపకమున పుట్టిన పిల్లనే కొనవలయును. ఆడుది యిరువదియేండ్లకు మించియు బ్రదుకగలదు. పదియేండ్ల బాలుడు దీనిని కొన్నచో, అతడు చదువు ముగించి యుద్యోగమునకు పోవునాటికిని ఇది పెట్టెలో నుండును. అప్పుడు దానిని చూచువారెవ్వరో ముందే యోచించుకొనవలయును.

తల్లి సాలీడు పట్టువంటి దారముతో సంచి యల్లి, అందు వందలకొలది గ్రుడ్లు పెట్టి, విడువక కాచును. కొన్ని వారములకు గ్రుడ్లకే కాళ్ళు మొలచినవా యనునట్టి పాలిపోయిన రూపము లేర్పడును. ఇవి యేమియు దినవు. గ్రుడ్డులోని సొనయే వాని కడుపులోని చద్దిమూట. సంచిలోనే కుబుసము విడిచి, నిజమైన పిల్లలై వెలికి వచ్చును. అప్పుడు శరీరము పెసరగింజంత యుండును. ఒక్కొక్కదానిని వేఱువేఱుగా నుంపకున్న ఒకదాని నొకటి తినివేయును. గాలికి సన్నని రంధ్రములు పొడిచిన చిన్నడబ్బీలో కొబ్బరిపీచు పొట్టు పఱచి, ఒక మూల మాత్రము తడిపిన చాలును.

దీని భోజనవిధానము చిత్రమైనది. నమలి మ్రింగుట దీనికి లేదు. కోరలతో పట్టిన యెరపై జీర్ణరసమును వదలి, కరగిన సారమును పీల్చుకొనును. మిగిలిన పిప్పి యుండగా పడియుండును. దానిని తీసివేయకున్న బూజు పట్టును. పసిపిల్లలకు రెక్కలులేని పండ్ల యీగలు, అప్పుడే పుట్టిన కీచురాళ్ళు తగును. అవియు దొరకనిచో చంపిన కీచురాతి కాలు నొకదానిని డబ్బీలో నుంచినను వచ్చి తినును. వారమునకు రెండుసార్లు పెట్టవచ్చును. రెండంగుళముల వెడల్పు వచ్చినపిమ్మట వారమున కొకసారియు, పూర్తిగా నెదిగినపిమ్మట పదిదినములకో, పక్షమునకో యొకసారియు చాలును. ఎర దాని పొట్టకంటె పెద్దది కారాదు. ఒక దినములో తినకున్న యెరను తీసివేయవలయును. ఇంటిలో దొరకిన బొద్దింకలను వేయరాదు. అవి యే మందు తిని వచ్చినవో మన మెఱుగము. ఎదిగినదానికి లోతులేని పళ్ళెములో నీ రెప్పుడు నుండవలయును. అన్నము మానినను కొన్నాళ్ళు సైచును గాని, నీరు లేకున్న సైపదు.

ఇక కుబుసము మాట. దీని చర్మము మనకువలె సాగునది కాదు. పైని గట్టి కవచము. లోపలి శరీరము పెరిగినప్పుడెల్ల దానిని విడిచి క్రొత్తదానిని ధరింపవలసినదే. పిల్లలు నెలకో, రెండు నెలలకో విడుచును. పెద్దవి యేడాదికో, రెండేండ్లకో యొకమాఱు. ముందుగా తిండి మానును. పొట్ట నల్లబడి నిగనిగలాడును. పిమ్మట నేలపై దారముతో పాన్పు పఱచుకొని వెల్లకిల పరుండును. క్రొత్తవారు దీనిని చూచి చచ్చినదని యేడ్చి, కుదిపి, తిరుగవేసి, కొందఱు పాతిపెట్టియు నున్నారు. అది చావు కాదు. అది శరీరద్రవపు ఒత్తిడిచే పైకవచమును చీల్చుకొని, ఒక్కొక్క కాలును తొడుగునుండి లాగుకొనుచున్నది. గంటలకొలది పట్టు నీ పనిలో ముట్టినచో కాలు తెగవచ్చును, ప్రాణమే పోవచ్చును. నిజముగా చావునకు సిద్ధమైనది వెల్లకిల పడదు. నిలువుననే యుండి కాళ్ళను పొట్టక్రిందికి ముడుచుకొనును. అట్లు కనబడినచో దాహమేమోయని వెంటనే నీటి పళ్ళెముచెంత చేర్పవలయును. ఈ భేద మొక్కటి జ్ఞప్తియందుంచుకొన్న ననేక ప్రాణములు నిలుచును.

విడిచినపిమ్మట అది బాలింతవలె పచ్చియొడలితో నుండును. కోరలు తెల్లగా నుండి, ఎఱ్ఱనై, తుదకు నల్లనగును. అవి నల్లబడువఱకు ఎర వేయరాదు. పిల్లకు కొన్ని దినములు, పెద్దదానికి పది పండ్రెండు దినములు పథ్యము. పాపము చిక్కినది గదా యని జాలిపడి యొక కీచురాతిని పెట్టెలో విడిచిన, ఆ కీచురాయియే మెత్తని యొడలిని కొఱికి దానిని చంపును. మఱియొక వింత యేమన, ఇదివఱకు తెగిన కాలు కుబుసముతోపాటు చిన్నదిగా మరల మొలచి, వచ్చుమాఱులకు పూర్తియగును.

కుబుసము లేకయే తిండి మానునవియు కలవు. చిలీ దేశపు గులాబివన్నె జాతి నెలలకొలది యుపవాసముండుట ప్రసిద్ధము. పొట్ట గుండ్రముగా నున్నంతవఱకు భయము లేదు. పళ్ళెము కడిగి నీరు మార్చి యూరకుండుటయే పని. తల్లులకు కష్టమైన పని యిదియే యని మేమెఱుగుదుము.

మగదాని బ్రదుకు చిన్నది. ఎదిగిన తుదికుబుసముతో ముందరి కాళ్ళకు కొక్కెములు మొలచును. పిమ్మట తిండిపై మనసు లేక, ఆడుదానిని వెదకుచు తిరిగి, తఱుచుగా నొక యేడాదిలోపలనే చచ్చును. ఇందు పెంచువారి లోప మేమియు లేదని బిడ్డకు ముందే చెప్పియుంచుట మంచిది.

చేతిలోనికి తీసికొనుట యనవసరము. కొంచె మెత్తునుండి పడినను పొట్ట పగులును. అందుచేతనే నేలకును మూతకును నడిమి యెత్తు దాని కాళ్ళ వెడల్పునకు ఒకటిన్నర రెట్లు మించరాదు. ఎఱ్ఱమోకాళ్ళది కోపించిన కాళ్ళతో పొట్టపై రోమములను రాల్చును. అవి దురద పుట్టించును, కంటిలో పడిన మిక్కిలి ప్రమాదము. పెట్టె కడుగుచుండగా నిట్టి రోమములు కంటిలో గ్రుచ్చుకొని బాధపడిన ఇంగ్లండు దేశపు రోగి యొకని వృత్తాంతము 2010లో లాన్సెట్ అను వైద్యపత్రికయందు ప్రకటితమైనది. పెట్టె శుభ్రము చేయునప్పుడు కండ్లద్దములు ధరించి, పిమ్మట చేతులు కడుగుకొనవలయును.

ఈ కుటుంబమున మిక్కిలి యందమైనవానిలో నొకటి మన సీమదే. నీలపు నిగ్గుతో మెఱయు నాసాలీడు 1899లో గుత్తి పేర శాస్త్రమున కెక్కినది. అయితే దొరకినది గుత్తిలోని రైల్వే కలపదొడ్డిలో. కలపతోపాటు దూరపు టడవినుండి వచ్చియుండును. 2001లో గాని నంద్యాల, గిద్దలూరుల నడిమి యడవిలో మరల కనబడలేదు. ముదురు చెట్ల తొఱ్ఱలలో నుండు నీ జాతి, చెట్లు నఱకబడుటచే 2008లో మిక్కిలి యపాయస్థితిలో నున్నవాని పట్టిక కెక్కినది. 2019 నుండి దీని దేశాంతర వ్యాపారమునకును నిబంధన లేర్పడినవి. ఇది వడిగా పరుగెత్తును, కఱచిన బాధ మెండు; క్రొత్తవారు పెంచదగినది కాదు. బిడ్డలు చూడగోరినచో చిత్రపటములో చూపుడు.