ఆనకట్టల విచారణలో సామాన్యునికి సర్కారు సాయము

ఒక గ్రామమునకు ఎగువను గొప్ప ఆనకట్ట కట్టబడనున్నదనుకొందము. కట్టదలచిన కంపెనీవారు ముందుగనే ఇంజనీర్లను, రసాయన శాస్త్రజ్ఞులను, న్యాయవాదులను జీతములిచ్చి నియమించుకొని, అనేక సంపుటములుగల నివేదికను సిద్ధపఱచుదురు. పిమ్మట సభ యొకటి కూర్చబడును. అభ్యంతరములున్నవారు చెప్పుకొనవచ్చునని గ్రామస్థులకు తెలుపబడును. చేపలు పట్టి జీవించువాడు ఆ సభలో లేచి యేమి చెప్పగలడు? నీరు చెడునేమోయని వానికి భయము కలదు. ఎంత చెడునో, ఎన్ని యేండ్లు చెడియుండునో లెక్కకట్టుటకు సాధనములు లేవు. సభకు వచ్చుటకే ఒక దినపు సంపాదన పోగొట్టుకొనవలెను. మాటలాడు హక్కు ఉభయులకును సమానమే. మాటకు బలమిచ్చు సామగ్రి మాత్రము ఒక పక్షమువారి యొద్దనే యున్నది. ఈ కొఱతను కొంతవఱకు తీర్చుటకై కెనడా దేశమువారు అవలంబించిన యొక పద్ధతిని మా చదువరులకు తెలుపదలచితిమి.

ఈ పద్ధతికి మార్గము చూపినది ఆనకట్ట విచారణ గాదు, ఒక గొట్టపుమార్గపు విచారణ. ఉత్తర ధ్రువప్రాంతమునుండి మెకెంజీ నదీలోయగుండ సహజవాయువును తెచ్చుటకు గొట్టములు వేయవలెనను ప్రస్తావము రాగా, 1974వ సంవత్సరమున థామస్ బెర్జర్ అను న్యాయమూర్తి విచారణకు నియమింపబడెను. ఆయన ముప్పదియైదు గ్రామములకును పట్టణములకును స్వయముగా పోయి ప్రజల మాటలు వినెను. అంతటితో తృప్తినొందక, ఆదివాసి సంఘములకును, ప్రకృతి సంరక్షకులకును సర్కారు ధనమునుండి సాయమిప్పించెను. అడిగినవారికెల్ల ఇచ్చుట కాదు. ఆ విషయమున వారికి నిజమైన సంబంధముండవలెను. వారి వాదము వేఱెవరిచేతను వినిపింపబడనిదై యుండవలెను. పూర్వమునుండియు వారు దానిలో శ్రద్ధ చూపినవారై యుండవలెను. స్వంత ధనము చాలనివారై యుండవలెను. సొమ్ము దేనికి వెచ్చింతురో ముందుగా చెప్పి, పిమ్మట లెక్క యొప్పగింపవలెను. 1977లో ఆయన తన నివేదికయందు, మెకెంజీ లోయలో ఆ పనిని పది సంవత్సరములు ఆపవలెనని సిఫారసు చేసెను.

ఇట్లు ఒక న్యాయమూర్తి విజ్ఞతవలన పుట్టిన ఆచారము క్రమముగా చట్టమందు చోటు సంపాదించెను. 1992లో చేయబడి 1995లో అమలునకు వచ్చిన కెనడా పర్యావరణ పరిశీలన చట్టమునందును, దాని పిమ్మట వచ్చిన 2012, 2019 సంవత్సరముల చట్టములయందును, విచారణలలో పాల్గొను ప్రజలకు ధనసాయమొసగు ఏర్పాటు కలదు. అది జరుగు విధమేమన, మొదట ప్రభుత్వశాఖవారు ఫలాని విచారణకు ఇంత సొమ్ము కలదని, ఫలాని తేదీలోగా అర్జీలు పెట్టుకొనవలెనని ప్రకటింతురు. ఆ ప్రాంతవాసులు, లాభాపేక్షలేని సంఘములు, ఆదివాసి సమాజములు అర్జీ పెట్టుకొందురు. వాటి యోగ్యతను పరిశీలించి, ఎవరికెంత ఈయవచ్చునో నిర్ణయింతురు. ప్రయాణపు ఖర్చులు, శాస్త్రజ్ఞుల రుసుములు, న్యాయవాదుల రుసుములు, సమావేశపు గదుల అద్దెలు మొదలైనవానికి ఈ సొమ్ము ఉపయోగింపవచ్చును. ఒడంబడికపై సంతకము చేసి, లెక్క చూపవలెను. ఫలాని విధముగా మాటలాడవలెనను నిబంధన మాత్రము లేదు. ఆనకట్టను కోరువాడును, కూడదనువాడును ఈ సాయమునకు అర్హులే.

ఇట్టి విచారణయందు ఎట్టి సంగతులు తేలవలసియుండునో తెలిసికొనుటకు లాబ్రడారు ప్రాంతములోని చర్చిల్ నదిని చూతము. ఈ నదిపై ఎగువను చర్చిల్ ఫాల్స్ అను మహావిద్యుత్కేంద్రము 1971లో పనిచేయ నారంభించెను. దాని జలాశయము ఇన్ను జాతివారి వేటభూములను ముంచివేసెను. కట్టుటకు ముందు వారినెవరును అడిగినది లేదు. తరువాత అదే నదిపై దిగువను, మస్క్రట్ ఫాల్స్ వద్ద 824 మెగావాట్ల కేంద్రమును, గల్ ఐలండు వద్ద అంతకంటె పెద్దదియగు మఱియొక దానిని కట్టవలెనని నాల్కర్ అను ప్రభుత్వ సంస్థ తలపెట్టెను. ఈ పర్యాయము ఐదుగురు సభ్యులుగల సంఘము 2011వ సంవత్సరము మార్చి, ఏప్రిల్ నెలలలో బహిరంగముగా విచారించెను. పాల్గొనువారికి ధనసాయమును ఈయబడెను.

అచ్చట చర్చింపబడిన విషయములలో పాదరసమొకటి. పాదరసమునకును నీటికిని ఏమి సంబంధమని మా విద్యార్థు లడుగవచ్చును. అడవినేలను నీరు ముంచినప్పుడు మన్నులోని ఆకులును వేళ్లును కుళ్లును. ఆ కుళ్లునందు పెరుగు సూక్ష్మజీవులు మన్నులోని పాదరసమును మిథైల్ పాదరసమను విషముగా మార్చును. ఆ విషము నీటిలోని సూక్ష్మప్రాణులలో ప్రవేశించి, వానిని తిను చిన్న చేపలలోనికిని, చిన్న చేపలను తిను పెద్ద చేపలలోనికిని, వానిని తిను సీలు జంతువులలోనికిని పోవుచు, మెట్టుమెట్టునకు చిక్కనగును. కట్టకడపటి మెట్టుపై మనుష్యుడున్నాడు. మస్క్రట్ ఫాల్స్ దిగువను మెల్విల్ సరస్సు కలదు. దాని చేపలను, సీలు జంతువులను తిని ఇన్యూయిట్ జాతివారు తరతరములుగా జీవించుచున్నారు.

విషము విస్తారమైన నీటిలో కలిసి పలుచనగునని, సరస్సునందు దాని జాడ కనబడదని నాల్కర్ వారు చెప్పిరి. విచారణ సంఘము దీనితో తృప్తినొందలేదు. దిగువప్రాంతపు పాదరస విషయమును పూర్తిగా పరిశీలింపలేదనియు, నీరు నింపుటకు ముందు దానిని శోధింపవలెననియు 2011 ఆగస్టులో సిఫారసు చేసెను. ఈ పథకముయొక్క ఆవశ్యకత ధనదృష్టిచే ఋజువు కాలేదనియు, వేఱు మార్గములను స్వతంత్రులైన నిపుణులచే పరిశీలింపజేయవలెననియు చెప్పెను. అయినను ప్రభుత్వములు 2012లో అనుమతి నొసగినవి. ఇన్యూయిట్ వారి స్వపరిపాలన ప్రభుత్వము విశ్వవిద్యాలయముల శాస్త్రజ్ఞులతో కలిసి పరిశోధన చేయించగా, సరస్సులోని మిథైల్ పాదరసము హెచ్చవచ్చునని 2015, 2016 సంవత్సరములలో వారు ప్రకటించిరి. 2016 అక్టోబరులో ప్రజలు ఆందోళన సాగించిరి. కొందఱు నిరాహారదీక్ష పూనిరి. మునుగబోవు భూమినుండి కొంత మన్ను తీసివేయవలెనని 2018లో నిపుణుల సంఘము సలహా యిచ్చెను. మన్ను తీయబడకయే 2019లో జలాశయము నింపబడెను. మొదట 620 కోట్ల డాలర్లని లెక్కకట్టబడిన పని 1,300 కోట్లు దాటినది. న్యాయమూర్తి రిచర్డ్ లెబ్లాంక్ చేసిన విచారణ యొక్క నివేదిక 2020లో వెలువడి, ఆ పథకము దారితప్పినదని తీర్పు చెప్పెను.

ఈ కథ విని, ధనసాయమువలన లాభమేమి, వినవలసినవారు వినలేదు గదా యని కొందఱనవచ్చును. ఆ మాట నిజమే. సాయము మాటను వినిపించుటకే గాని, తీర్పును కొనుటకు గాదు. నిర్ణయించు అధికారము ప్రభుత్వమునందే యున్నది. అయినను విచారణలో వ్రాయబడిన ప్రశ్న నశింపదు. 2011లో అడుగబడిన ప్రశ్నలు కొన్ని యేండ్ల తరువాత న్యాయమూర్తి యెదుట మరల నిలిచినవి. తమ సొమ్ముతోనే తమ పనికి అడ్డు చెప్పించుకొనుట తెలివితక్కువయని మఱికొందఱందురు. కంపెనీ తన నిపుణులకిచ్చు రుసుమును తుదకు కరెంటు బిల్లు రూపమున చెల్లించునది ప్రజలే. ఒకవైపు లెక్కను ప్రజలధనముతో వ్రాయించి, రెండవవైపు లెక్కకు ధనము లేదనుట న్యాయము కాదని మా యభిప్రాయము.

మన దేశమున 2006వ సంవత్సరపు ప్రకటన ననుసరించి, పెద్ద ప్రాజెక్టులకు ప్రజాభిప్రాయసేకరణ జరుగవలెను. కనీసము ముప్పది దినములు ముందుగా తెలియజేయవలెను. నివేదిక సంగ్రహమును ప్రాంతీయభాషలో ఉంచవలెను. కలెక్టరుగాని, ఆయనకు బదులుగా తగిన యధికారిగాని సభకు అధ్యక్షత వహింపవలెను. ప్రజలు తమ పక్షమున నిపుణుని పెట్టుకొనుటకు సొమ్ము ఇచ్చు ఏర్పాటు మాత్రము అందులేదు. గోదావరిపై పోలవరమువద్ద 960 మెగావాట్ల విద్యుత్కేంద్రముతో ఆనకట్టను తలపెట్టుకొనిన మన తెలుగువారికి ఈ సంగతి దూరపు సంగతి కానేరదు.

అట్టి నిధి మన దేశమున ఏర్పడువఱకు మన విద్యార్థులు ఊరకుండ నక్కఱలేదు. సభ జరుగుటకు ముందు ఆ సంగ్రహమును తెచ్చి, రచ్చబండపై కూర్చుండి, పెద్దలకు చదివి వినిపింపవచ్చును. మునుగు సర్వే నంబర్లను పటమునందు గుర్తింపవచ్చును. తెలియని మాటకు సైన్సు మాష్టరుగారి నడిగి అర్థము చెప్పవచ్చును. అడుగవలసిన ప్రశ్నలను కాగితముపై వ్రాసి, అధికారి చేతికిచ్చి రసీదు తీసికొనవచ్చును. నిపుణుని రుసుము మన చేతిలో లేకపోయినను, ఇంతమాత్రము సాయము చదువుకొనిన ప్రతివాని చేతిలోను కలదు.