వినమన్నాడు... చూడమన్నాడు!

భారీ ప్రచారం లేని పాట, పెద్ద తారలు లేని టీవీ కామెడీ... ఈ రెండూ ఇంటింటికీ చేరింది ఎక్కువగా స్నేహితుల నోటి మాట మీదే. అమెరికా టీవీలో అలా మొదలైన కొన్ని ప్రయాణాలూ, వాటిని తలపించే మన తెలుగు ముచ్చట్లూ ఈవారం ముఖచిత్ర కథనంలో...

2004 ఫిబ్రవరి. అమెరికాలో ఎన్‌బీసీ ఛానల్లో 'స్క్రబ్స్' అనే కామెడీ సీరియల్ వస్తోంది. ఆ వారం ఎపిసోడ్ పేరు 'మై స్క్రూ అప్'. అంతవరకూ నవ్విస్తూ వచ్చిన కథ చివరి నిమిషాల్లో ఒక్కసారిగా మలుపు తిరుగుతుంది. పాత్రల మాటలు తగ్గిపోతాయి. గిటారు మీద, చెవి దగ్గర చెబుతున్నంత మెల్లగా ఓ గొంతు వినిపిస్తుంది. ఆ పాట 'వింటర్'. పాడింది జాషువా రాడిన్. అప్పటికి అతని పేరు మీద ఒక్క ఆల్బమ్ కూడా లేదు.

మరి దేశమంతా చూసే సీరియల్లోకి ఆ పాట ఎలా వచ్చింది? అందులో ప్రధానపాత్ర చేస్తున్న జాక్ బ్రాఫ్, రాడిన్ ఇద్దరూ నార్త్‌వెస్టర్న్ యూనివర్సిటీ నాటి నుంచీ స్నేహితులు. రాడిన్ కట్టిన పాట బ్రాఫ్‌కి నచ్చింది. దాన్ని తీసుకెళ్లి సీరియల్ సృష్టికర్త బిల్ లారెన్స్‌కి వినిపించాడు. ఆయనకీ నచ్చింది. రాడిన్ తొలి ఆల్బమ్ ఆ తర్వాత రెండేళ్లకు, 2006లో విడుదలైంది.

ఆ ఎపిసోడ్‌లో చివరికి ఏమవుతుందో ఇక్కడ చెప్పడం లేదు. చూడనివాళ్లు చూసి తెలుసుకుంటేనే బాగుంటుంది.

ఆసుపత్రి వరండాలో గిటారు

స్క్రబ్స్ 2001 అక్టోబరులో మొదలైంది. కొత్తగా ఉద్యోగంలో చేరిన కుర్ర డాక్టర్ల కథ. మూతపడిన ఓ నిజమైన ఆసుపత్రిలోనే, నార్త్ హాలీవుడ్‌లో చిత్రీకరించారు. అప్పటి చాలా కామెడీ సీరియళ్లలా ప్రతి డైలాగు వెనకా జనం నవ్వుల రికార్డింగ్ వినిపించేది కాదు. ఎక్కడ నవ్వాలో, ఎక్కడ ఊరుకోవాలో ప్రేక్షకుడే తేల్చుకోవాలి. నవ్వుల మోత లేకపోవడంతో దొరికిన ఆ ఖాళీలోనే పాటకి చోటు కుదిరింది.

ఆ సీరియల్ టైటిల్ సాంగ్ 'సూపర్‌మ్యాన్' కూడా అలా వచ్చిందే. లాజ్లో బేన్ అనే చిన్న బ్యాండ్ పాటని లారెన్స్‌కి వినిపించింది బ్రాఫే.

ఇక కాలిన్ హే సంగతి. 1980ల మొదట్లో 'మెన్ ఎట్ వర్క్' అనే ఆస్ట్రేలియా బ్యాండ్‌తో ప్రపంచమంతా మోగిన గొంతు అది. బ్యాండ్ విడిపోయాక ఆయన లాస్ ఏంజెలెస్‌లోని లార్గో లాంటి చిన్న వేదికల మీద ఒంటరిగా, ఒక్క గిటారుతో పాడుకుంటూ వచ్చారు. ఆయన పాటంటే లారెన్స్‌కి మహా ఇష్టం. దాంతో 2002లో రెండో సీజన్ మొదలైందే ఆయనతో. గిటారు మెడలో వేసుకుని 'ఓవర్‌కిల్' పాడుకుంటూ హే ఆసుపత్రంతా తిరుగుతుంటాడు. చుట్టూ డాక్టర్లూ, నర్సులూ తమ పనుల్లో తాముంటారు. చిర్రుబుర్రులాడే డాక్టర్ కాక్స్ చివరికి ఆ గిటారు లాక్కుని బద్దలు కొట్టేస్తాడు. పాత పాట, కొత్త హాస్యం ఒకదాన్నొకటి పైకి లేపిన ఘట్టం అది. కొత్త తరానికి కాలిన్ హే మళ్లీ పరిచయమయ్యాడు.

ఇందులో డబ్బు లెక్క కూడా ఉంది. ఒక పాటని సీరియల్లో వాడాలంటే రెండు అనుమతులు కావాలి. ఒకటి పాట రాసి, బాణీ కట్టినవాళ్ల హక్కు. రెండోది ఆ రికార్డింగ్ మీద హక్కు. పేరున్న పాటలకి ఈ రెండూ వేర్వేరు పెద్ద కంపెనీల చేతుల్లో ఉంటాయి, ధర కూడా ఎక్కువే. పెద్ద కంపెనీల అండ లేకుండా సొంతంగా పాడుకునే ఇండీ కళాకారుడికి తరచుగా రెండు హక్కులూ తన దగ్గరే ఉంటాయి. ఒక్క సంతకంతో పని అయిపోతుంది. సీరియల్‌కి ఖర్చు తగ్గుతుంది, పాటకి లక్షలమంది శ్రోతలు దొరుకుతారు. కానీ వేల పాటల్లోంచి ఆ ఒక్క పాటని వెతికిపట్టుకుని 'ఇది విను' అనే మనిషి లేకపోతే ఆ సంతకం దాకా వెళ్లేదే ఉండదు.

హెడ్‌ఫోన్స్ చేతులు మారితే...

2004లోనే బ్రాఫ్ రాసి, దర్శకత్వం వహించి, నటించిన 'గార్డెన్ స్టేట్' సినిమా వచ్చింది. అందులో డాక్టరు కోసం ఎదురుచూసే గదిలో నటాలీ పోర్ట్‌మన్ పాత్ర తన హెడ్‌ఫోన్స్ తీసి, అప్పుడే పరిచయమైన కుర్రాడి చెవులకి పెడుతుంది. అతను పాట వింటుంటే ఆమె అతని ముఖంకేసి చూస్తుంటుంది. నచ్చుతుందా, లేదా? మనకిష్టమైన పాటని ఇంకొకరికి వినిపించిన ప్రతి ఒక్కరూ ఎరిగిన ఆత్రుత అది!

ఆ పాట 'న్యూ స్లాంగ్'. పాడిన బ్యాండ్ 'ది షిన్స్'. సియాటిల్‌లోని సబ్ పాప్ అనే చిన్న రికార్డు సంస్థ 2001లోనే దాన్ని విడుదల చేసింది. సినిమా వచ్చాక కథే మారిపోయింది. తనకిష్టమైన పాటలన్నీ ఏరి బ్రాఫ్ కూర్చిన ఆ సినిమా ఆల్బమ్ అమెరికాలో పది లక్షలకు పైగా అమ్ముడైంది. 2005లో గ్రామీ గెలుచుకుంది. 2007లో షిన్స్ కొత్త ఆల్బమ్ బిల్‌బోర్డ్ పట్టికలో ఏకంగా రెండో స్థానంలో అడుగుపెట్టింది.

ఇద్దరు రూమ్మేట్లు, ఒకే ఒక్క అభిమాని

అదే సబ్ పాప్ నుంచి మరుసటి ఏడాది ఇంకో ఆల్బమ్ బిల్‌బోర్డ్‌లో మూడో స్థానానికి చేరింది. అది ఒక కామెడీ సీరియల్ పాటల ఆల్బమ్! 'ఫ్లైట్ ఆఫ్ ది కాంకార్డ్స్' అనే న్యూజిలాండ్ జోడీది. బ్రెట్ మెకెంజీ, జెమైన్ క్లెమెంట్ వెల్లింగ్టన్‌లో చదువుకునే రోజుల్లో ఒకే ఇంట్లో ఉండేవారు. 1998లో జోడీ కట్టి, నవ్వించే పాటలు రాసి, గిటార్లతో ఊరూరా ప్రదర్శనలిచ్చారు. సొంత దేశపు టీవీ వాళ్ల ఆలోచనని కాదంది. 2005లో బీబీసీ రేడియో అవకాశమిచ్చింది. 2007లో హెచ్‌బీఓ వాళ్లతో సీరియల్ తీసింది.

న్యూయార్క్‌లో అదృష్టం పరీక్షించుకునే ఇద్దరు పాటగాళ్ల కథ అది. వాళ్ల మేనేజర్ మర్రే న్యూజిలాండ్ కాన్సులేట్‌లో ఉద్యోగి. బ్యాండ్ మీటింగులు పెట్టేది తన ఆఫీసు గదిలోనే. ప్రతి మీటింగూ హాజరు పిలవడంతో మొదలవుతుంది. గదిలో ఉండేది ముగ్గురే, ఎదురెదురుగా కూర్చునే ఉంటారు. అయినా మర్రే ఒక్కొక్కరి పేరూ గంభీరంగా పిలిచి, పలికాకే ఎజెండాలోకి వెళతాడు. ఇక ఆ బ్యాండ్‌కి ఉన్న అభిమాని ఒకే ఒక్కరు... మెల్ అనే అమ్మాయి.

నా మిత్రుల్లో ఈ సీరియల్ మీద రెండు పార్టీలున్నాయి. 'పాటలు తీసేస్తే అందులో ఏముంది?' అనేది ఒక పార్టీ. 'ఆ మీటింగులు తీసేస్తే పాటలు ఎవరు వింటారు?' అనేది రెండోది. నేను రెండో పార్టీ. ఎవరూ పట్టించుకోకపోయినా తమ పని తాము శ్రద్ధగా చేసుకునే మనుషుల మీద గౌరవం ఉంది ఆ నవ్వులో. ఎవరినీ కించపరచదు. 22 ఎపిసోడ్లయ్యాక, పాటలూ కథా రెండూ తామే రాయడం తలకు మించిన భారమైందని ఆ ఇద్దరూ తమంతట తామే ఆపేశారు. బ్రెట్ మెకెంజీ తర్వాత 'ది మపెట్స్' సినిమాలోని పాటకి 2012లో ఆస్కార్ అందుకున్నారు.

'అది నువ్వు విన్నావా?'

స్నేహితుల అభిప్రాయాలకి ఒక జబ్బు కూడా ఉంది... పోటీ. 'వాళ్ల పాటలు నేను ఎప్పుడో విన్నా', 'అప్పుడు బాగుండేవారు, ఇప్పుడు పాడైపోయారు' అనడం ఇండీ అభిమానుల్లో మరీ ఎక్కువ. ఆ జబ్బుని అద్దంలో చూపించింది 'పోర్ట్‌లాండియా'. స్లేటర్ కిన్నీ అనే రాక్ బ్యాండ్ గిటారిస్టు క్యారీ బ్రౌన్‌స్టీన్, ఒకప్పుడు పంక్ బ్యాండ్‌లో డ్రమ్ములు వాయించిన నటుడు ఫ్రెడ్ ఆర్మిసన్ స్నేహంగా ఇంటర్నెట్‌లో పెట్టుకున్న చిన్న వీడియోల నుంచి పుట్టిన సీరియల్ ఇది. 2011 నుంచి 2018 దాకా నడిచింది. అందులో ఓ చోట ఇద్దరు ఎదురెదురుగా కూర్చుని ఫలానా పత్రికలో ఫలానా వ్యాసం చదివావా అని అడుగుతుంటారు. చదివాను, మరి ఇది చదివావా? అదీ చదివాను, మరి అది? ఎవరూ ఏ వ్యాసంలో ఏముందో చెప్పరు. ఎందుకు నచ్చిందో చెప్పరు. పోటీ మాత్రం పిచ్చిగా ముదిరిపోతుంది.

ఆ సన్నివేశం చూశాక మా మిత్రుల మధ్య ఒక మాట అనుకున్నాం. పాట పేరు ఒక్కటే పంపకూడదు. ఎందుకు నచ్చిందో రెండు ముక్కలు రాయాలి. 'రెండో చరణం తర్వాత వేణువు విను', 'మూడో ఎపిసోడ్ దాకా ఓపిక పట్టు, అక్కడి నుంచి వదిలిపెట్టవు' అన్నట్టుగా. అప్పుడు నచ్చకపోయినా మాట్లాడుకోవడానికి ఏదో ఒకటి మిగులుతుంది.

మన అమృత విలాస్ దగ్గర

తెలుగు ఇళ్లలో ఇలాంటి వాదన పెట్టాలంటే 'అమృతం' అంటే చాలు. గుణ్ణం గంగరాజు సృష్టించిన ఆ సీరియల్ 2001 నవంబరు నుంచి ఆరేళ్లపాటు ఆదివారాలు జెమినీ టీవీలో వచ్చింది. అమృతరావు, ఆంజనేయులు అనే ఇద్దరు మిత్రులు, వాళ్ల హోటల్ అమృత విలాస్, వంకర తెలివితేటల ఇంటి ఓనరు అప్పాజీ, హోటల్లో పనిచేసే సర్వం. సిరివెన్నెల సీతారామశాస్త్రి రాసిన టైటిల్ పాటకి కల్యాణి మాలిక్ బాణీ కట్టారు. కష్టాల్లోనూ నవ్వడం నేర్పిన పాట అది. సీరియల్ ఆగిపోయి ఇన్నేళ్లయినా పెళ్లిళ్లలో, హాస్టళ్లలో మోగుతూనే ఉంది.

అమృతరావు పాత్రని ముగ్గురు చేశారు... శివాజీరాజా, నరేష్, హర్షవర్ధన్. మా వాళ్ల వాదన అక్కడే మొదలవుతుంది.

''అసలు అమృతరావంటే శివాజీరాజానే మామా. ఆ అమాయకత్వం ఇంకెవరికీ రాదు.''

''ఏంట్రా నువ్వు! హర్షవర్ధన్ కంగారు పడుతుంటే చూడు. పక్కింటి మనిషిలా ఉంటాడు.''

''మీరిద్దరూ ఆంజనేయుల్ని మర్చిపోయారు. ఎవరు మారినా గుండు హనుమంతరావు మారలేదు. సీరియల్ నిలబడింది ఆయన మీద.''

మూడో మాటకి ఎదురు చెప్పేవాళ్లు ఎవరూ ఉండరు. 2018లో ఆయన పోయినప్పుడు సొంత మనిషిని పోగొట్టుకున్నట్టు బాధపడింది ఆ ఆదివారాల తరమే.

పాటల్లోనూ మనకి అలాంటి ఉదాహరణ ఉంది. హైదరాబాద్ 'చౌరస్తా' బ్యాండ్ జానపదాన్నీ, రెగె సంగీతాన్నీ కలిపి తెలుగులో సొంత పాటలు కట్టింది. వాటి వెనక సినిమా లేదు, హీరో లేడు. 'ఊరెళ్లిపోత మామ' పాట ఊరు వదిలి వచ్చిన కుర్రాళ్ల ఫోన్ల నుంచి ఫోన్లకి పాకింది. ఆ పాట పాడిన రామ్ మిర్యాల తర్వాత 2021లో 'జాతిరత్నాలు' సినిమాలో 'చిట్టి' పాడారు. 2022లో 'డీజే టిల్లు' టైటిల్ పాటకి బాణీ కట్టి, తానే పాడారు. సినిమా ఆయన్ని పిలిచేలోపే శ్రోతలు ఆయన పాటని ఒకరికొకరు పరిచయం చేసుకున్నారు.

ఈ ఆదివారం ఒక పని

పెద్ద సినిమాకి పోస్టర్లుంటాయి, టీవీ ప్రకటనలుంటాయి. చిన్న బ్యాండ్‌కీ, నెమ్మదిగా నవ్వించే సీరియల్‌కీ ఉన్న ప్రచారకర్త మీరే. స్నేహితుడి మాటకి అంత విలువ ఎందుకంటే, అతనికి మీ సంగతి తెలుసు, మీకు నచ్చితే అతనికి వచ్చే లాభం ఏమీ లేదు. జాక్ బ్రాఫ్ తన మిత్రుడి పాటని ఇంకొకరికి వినిపించకపోయి ఉంటే జాషువా రాడిన్ దారి ఎలా ఉండేదో ఊహించండి.

అందుకే ఈరోజు ఒక స్నేహితుడికి ఫోన్ చేయండి. ఒక పాట పేరు, ఒక కామెడీ సీరియల్ పేరు చెప్పండి. ఎందుకు నచ్చాయో కూడా చెప్పండి. అతను చెప్పేవి రాసుకోండి, తప్పకుండా వినండి, చూడండి. మీ ఊళ్లో ఏ కుర్రాళ్లయినా సొంత పాటలతో వేదికెక్కుతుంటే టిక్కెట్టు కొనుక్కుని, ఇంకొకరిని వెంటబెట్టుకుని వెళ్లండి. వాళ్ల తర్వాతి పాటకి ఖర్చు మీ టిక్కెట్టు డబ్బుల్లోంచే రావాలి.