పొడి అక్షరాల్లో దాగిన ఊళ్ళు

ఒకరోజు హాజరు వేస్తూ, ఒక కుర్రవాణ్ణి, "నీ పేరు ముందున్న 'కె' ఏమిటోయ్?" అని అడిగాను. తెల్లబోయాడు. "తెలీదు సార్. సర్టిఫికెట్లో అట్లనే వుంది" అన్నాడు. క్లాసంతా గొల్లుమంది. నవ్వినవాళ్ళలో ఐదుగురిని లేపి అదే ప్రశ్న వేశాను. జవాబు చెప్పినవాళ్ళు ఇద్దరే. ఆపైన నవ్వేందుకు ఎవరికీ నోరు రాలేదు.

తప్పు పిల్లలదని నేననను. మన చిత్తూరు సీమ తమిళదేశానికి ఇరుగు పొరుగు. అక్కడ పేరు ముందు నిలిచేది తండ్రి పేరులోని మొదటి అక్షరం; మనకు ఇంటిపేరు. సరిహద్దులో రెండు ఆచారాలూ కలగలిసిపోయి, ఏ అక్షరం దేనికి గుర్తో ఇంట్లోవాళ్ళకే గుర్తులేని పరిస్థితి వచ్చింది.

అక్షరమేగా, పోతే ఏం పోయింది అంటారా? ఒక్కోసారి ఆ అక్షరంతోపాటు ఊరే పోతుంది!

సి. ఆర్. రెడ్డిగారి సంగతే చూడండి. 'ముసలమ్మ మరణం' రాసిన కవి, 1926లో ఏర్పడిన ఆంధ్ర విశ్వవిద్యాలయానికి తొలి వైస్ ఛాన్సలరు. ఆయన 1880లో పుట్టింది చిత్తూరును ఆనుకున్న కట్టమంచిలో. ఇంటిపేరూ కట్టమంచే. ఇంగ్లీషులో దాన్ని 'సి'తో మొదలుపెట్టి రాయడంవల్ల, చెవికి 'సి' వినిపిస్తుంది, వెనక 'క' దాగివుంటుంది. ఆ అక్షరంనుంచి కట్టమంచి చెరువు గట్టుకు దారి పట్టుకోవడం ఎవరి తరం?

సర్వేపల్లి రాధాకృష్ణన్ గారు 1888లో తిరుత్తణిలో పుట్టారు. ఆ ఊరు 1911లో చిత్తూరు జిల్లాలో చేరి, 1960లో మద్రాసు రాష్ట్రంలోకి వెళ్ళింది. ఆయన మన తిరుపతిలోనూ చదువుకున్నారు. కాని సర్వేపల్లి నెల్లూరు జిల్లాలోని ఊరు. పూర్వులు ఊరు విడిచినా, ఊరు వాళ్ళను విడవలేదన్నమాట. 'ఎస్. రాధాకృష్ణన్' అని రాస్తే ఆ ప్రయాణం కనిపించదు. ఆయన కుమారుడు, చరిత్రకారుడు సర్వేపల్లి గోపాల్ పేరులో అది మళ్ళీ నిండుగా వినిపిస్తుంది.

ఇంకా అరుదైన ఇంటిపేరు తాళ్ళపాక. కడప సీమలో, రాజంపేట దగ్గర ఊరది. అక్కడ పుట్టిన అన్నమాచార్యులు 1503లో కన్నుమూశారు. ఆయన వంశంవారి సంకీర్తనల రాగిరేకులు తిరుమల గుడిలో ఒక చిన్న గదిలో దొరికాయి. అలా కడప సీమలోని ఒక పల్లె పేరు ఏడుకొండలమీద స్థిరపడింది.

అన్ని ఇంటిపేర్లూ ఊళ్ళ పేర్లు కావు. కాని ఊళ్ళ పేర్లు ఇంటిపేర్లు కావడంలో వలసలది పెద్దపాలు. సొంత ఊళ్ళో మనిషిని ఊరిపేరుతో ఎవరు పిలుస్తారు? పొరుగూరికి పోతే కదా 'ఫలానా ఊరివాళ్ళు' అవుతారు! అందుకే ఇంటిపేరు కలిసినంతమాత్రాన చుట్టరికం కలవనక్కరలేదు. ఒకే ఊరినుంచి వచ్చిన వేర్వేరు కులాలవారికీ అదే పేరు వుండవచ్చు. ఇది మన ఒక్కరి వింతా కాదు. అమెరికా తొలి అధ్యక్షుడి ఇంటిపేరు వాషింగ్టన్, ఇంగ్లండులో డరహాం ప్రాంతపు ఊరిపేరే.

వారం తిరక్కముందే ఆ కుర్రవాడు నా గదికి వచ్చాడు. "మా అవ్వనడిగినా సార్. అది ఊరిపేరంట. ముత్తాత కరువులో ఎద్దుల్ని తోలుకొని వచ్చేసినాడంట. ఈ సంగతి మా నాయనకే తెలీదు" అన్నాడు. ఆ ఇంట్లో అది తెలిసింది అవ్వ ఒక్కతికే. ఆమెకు ఎనభై దాటాయి.

మీ ఇంట్లోనూ ఒక అవ్వో తాతో వుంటే, ఈ రాత్రి భోజనాల దగ్గర అడగండి. చెప్పిన మాట ఒక కాగితంమీద రాసిపెట్టుకోండి, పూర్తి అక్షరాలతో.